లాగుతుంది సరే, ఆగుతుందా?

“ఏం కాదన్నా, లాగుతుంది.”

కోలారు ఏపీఎంసీ యార్డులో లోడు ఎక్కుతున్న పికప్ వెనక కాసేపు నిలబడితే చాలు, ఈ మాట చెవిన పడుతుంది. తొట్టి ఎప్పుడో నిండింది. టమోటా బాక్సులు క్యాబిన్ నెత్తి దాటిపోయాయి. వెనక డోరు పడుకోబెట్టి గొలుసులతో కట్టి, దాని మీద ఇంకో రెండు వరసలు పేర్చారు. వెనక టైర్లు నేల దగ్గర పొట్టలు వేశాయి. అప్పుడు కూడా గుమాస్తా ఇంకో పది బాక్సులు వేయమంటాడు, డ్రైవరు తలూపుతాడు. లాగుతుంది, నిజమే. డీజిలింజనుకు ఆ బరువు ఒక లెక్క కాదు. కానీ బండి చెయ్యాల్సిన పని లాగడం ఒక్కటేనా? మొయ్యాలి, మలుపు తిరగాలి, ఎదురుగా ఆవు వచ్చినా ఆటో వచ్చినా ఆగాలి. ఆ మూడు పనుల్లో ఒక్కటీ ఇంజను చేసేది కాదు. ఇంజను బలం చూసి బండి బలం అంచనా కట్టడమే ఈ జిల్లా రోడ్లకు పట్టిన దయ్యం.

ప్రతి సరుకు బండి ఆర్‌సీలోనూ రెండు బరువులు ఉంటాయి. ఒకటి ఖాళీ బండిది. రెండోది, సరుకుతో కలిపి ఆ బండి రోడ్డు మీద ఉండదగిన గరిష్ఠ బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే మనం ఎక్కించుకోదగిన సరుకు. లారీల పక్క చెక్కల మీద ఇవి పెయింటుతో రాసి ఉండడం చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాం: యూడబ్ల్యూ, జీవీడబ్ల్యూ, పీఎల్. ఇది మూడో తరగతి తీసివేత. ఇది చెయ్యలేని మనిషి మండీలో ఒక్కడూ లేడు. కమిషన్నీ, హమాలీనీ, బాడుగనీ పైసాతో సహా నోటిలెక్క కట్టేవాళ్ళు ఈ ఒక్క తీసివేత దగ్గరికి వచ్చేసరికి చదువు రానివాళ్ళయిపోతారు. నా కోపమంతా అక్కడే.

వాళ్ళు చెయ్యరు కాబట్టి ఆ లెక్క నేను చేస్తాను. 1.7 టన్నులని పేరు పక్కనే రాసి అమ్మిన పికప్ ఒకటి తీసుకుందాం. 1700 కిలోలు. కోలారులో టమోటా బాక్సంటే 15 కిలోలు. ప్లాస్టిక్ బాక్సు బరువు కిలోన్నర వేసుకుంటే 16.5. భాగిస్తే 103 బాక్సులు. అయితే ఆ 1700 షోరూములోంచి బయటికి వచ్చిన రోజు మాట. తర్వాత ఆ బండికి ఏమేం తగిలించారు? ముందు ఇనుప గార్డు, క్యాబిన్ మీద ర్యాకు, తొట్టి చుట్టూ ఎత్తు పెంచిన ఇనుప జాలీ, అడుగున చెకర్డ్ షీటు, టూల్ పెట్టె, రెండో స్టెప్నీ. తక్కువలో తక్కువ 150 కిలోలు. డ్రైవరు, క్లీనరు, పక్కన రైతు: ఇంకో 200. చట్టం లెక్కలో ఖాళీ బండి బరువంటే డ్రైవరు లేకుండానే, కాబట్టి వాళ్ళ ముగ్గురి బరువూ సరుకు వాటాలోంచే పోవాలి. మిగిలింది 1350 కిలోలు, అంటే 81 బాక్సులు. ఆ బండి మీద 180 బాక్సులు ఎక్కితే దాదాపు 3 టన్నులు. మోయదగినదానికి రెండు రెట్లు దాటింది. సీజన్‌లో ఏ రోజైనా యార్డు గేటు దగ్గర నిలబడి వరసలు లెక్కపెట్టండి, నేను ఎక్కువ చెప్పానో తక్కువ చెప్పానో తెలుస్తుంది.

టమోటాకైనా బాక్సు లెక్క ఉంది. ఇసుకకు అదీ లేదు, కళ్ళతో కొలవడమే. తొమ్మిదడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు ఉన్న తొట్టిలో అడుగు ఎత్తు ఇసుక పోస్తే చూడ్డానికి సగం ఖాళీగా కనబడుతుంది. కానీ అది 50 ఘనపుటడుగులు, రెండు టన్నులు దాటిపోయింది. మాలూరు ఇటుకలదీ ఇదే కథ. ఇటుక మూడు కిలోలుంటే వెయ్యి ఇటుకలు మూడు టన్నులు. తొట్టిలో జాగా ఉంది కదా అనేవాడికి చెప్పండి, జాగా గడ్డి కోసం, బరువు ఇరుసు కోసం.

ఇంతకీ ఆర్‌సీలో ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరో ఆఫీసరు కలంతో కొట్టిన గీత అని మనవాళ్ళ నమ్మకం. గీత కాబట్టి కొంచెం దాటితే ఫరవాలేదనీ, కంపెనీవాళ్ళు ఎలాగూ సగానికి సగం తగ్గించే రాస్తారనీ ధైర్యం. అది గీత కాదు. కమాను పట్టీలు, ఇరుసు, బేరింగులు, రిమ్ములు, టైర్లు, బ్రేకులు, చాసిస్, ఇన్నిటిలో అన్నిటికంటే బలహీనమైనది ఎంత మోయగలదో దాన్ని మించకుండా వేసిన అంకె. టైరు దగ్గర వంగి చూడండి. సైజు పక్కన 118/116 లాంటి అంకెలుంటాయి. 118 అంటే ఆ టైరు ఒంటరిగా మోయగల బరువు 1320 కిలోలు. 116 అంటే జంట టైర్లలో ఒక్కొక్కటీ 1250. అదే 100 అని ఉంటే 800 కిలోలే. అదీ చెప్పినంత గాలి ఉన్నప్పుడు. పాత బండికి సెకండ్ హ్యాండ్ టైరు వేసేటప్పుడు గాడి లోతు చూస్తాం, రేటు చూస్తాం, ఈ అంకె చూసే నాథుడు లేడు. వెనక రెండు టైర్లకు 100 అంకె వేసుకుంటే, బండి బరువుతో కలిపి వెనక ఇరుసు మీద పడాల్సింది 1600 కిలోలే. తర్వాత పట్టీలు ఎన్ని వేసినా, చాసిస్ ఎంత గట్టిదైనా ఆ 1600 పెరగదు.

మన మేస్త్రీల గొప్ప ఆవిష్కరణ ఇంకోటి ఉంది, పట్టీ ఎక్కించడం. బండి వెనక కూర్చుంటోందా? కమానులో రెండు పట్టీలు అదనంగా వెయ్యి. ఇప్పుడు మూడు టన్నులేసినా నిటారుగా నిలబడుతుంది. యజమాని మురిసిపోతాడు. దీని వెనక జరిగే అన్యాయం వినండి. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకీ చాసిస్‌కీ మధ్య ఒక చిన్న వాల్వు ఉంటుంది, మెకానిక్కులు ఎల్‌ఎస్‌పీవీ అంటారు. బండి వెనక ఎంత కిందికి దిగిందో దాన్నిబట్టి అది బరువు పసిగడుతుంది. ఎక్కువ దిగితే లోడు ఉందని వెనక బ్రేకులకు నూనె ఒత్తిడి పూర్తిగా వదులుతుంది. తక్కువ దిగితే ఖాళీ బండి అనుకుని, వెనక చక్రాలు జారకుండా ఒత్తిడి తగ్గిస్తుంది. రెండు పట్టీలు ఎక్కువ వేసి బండిని కిందికి దిగనివ్వకపోతే ఆ వాల్వుకు ఏం తెలుస్తుంది? మూడు టన్నుల బండిని ఖాళీ బండి అనుకుంటుంది. సరిగ్గా బ్రేకు ఎక్కువ కావలసిన చోట తగ్గించేస్తుంది. బ్రేకుల పనంతా ముందు చక్రాల మీద పడి, అవి కాగి, వెనకవి చాలక, డ్రైవరు రెండు కాళ్ళతో పెడలు తొక్కుతాడు. డబ్బిచ్చి పట్టీ వేయించుకున్నవాడు బలం కొన్నాననుకున్నాడు. తన బ్రేకులు తానే తెంపించుకున్నాడు. ఇది తెలిసీ పట్టీ బిగించే మేస్త్రీ ఉంటే అతణ్ణి మేస్త్రీ అని పిలవడానికి నాకు నోరు రాదు. తెలియకపోతే, తెలుసుకోకుండా స్పానరు పట్టినందుకు నిలదీస్తాను.

పడుకోబెట్టిన వెనక డోరు సంగతి కూడా చెప్పాలి. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య మూడు మీటర్ల దూరం ఉందనుకోండి. వెనక ఇరుసుకు మీటరు అవతల 300 కిలోలు పెడితే, వెనక ఇరుసు మీద పడేది 300 కాదు, 400. ఆ పైన వంద ఎక్కణ్ణుంచి వచ్చింది? ముందు చక్రాల మీద నుంచి ఎత్తుకొచ్చింది. స్టీరింగు తేలికైపోయిందని డ్రైవరు సంబరపడతాడు. అది తేలిక కాదు, ముందు టైర్లు రోడ్డును వదులుతున్నాయి. మొత్తం బరువు ఆర్‌సీ అంకె లోపలే ఉన్నా వెనక ఇరుసు తన పరిమితి దాటిపోవచ్చు. అందుకే చట్టం మొత్తం బరువునే కాదు, ఇరుసు బరువును కూడా విడిగా అడుగుతుంది.

ఇదంతా కొత్త బండికి. మన జిల్లాలో తిరిగేవి కొత్త బండ్లా? టాటా 407 వచ్చింది 1986లో. ఆ దశాబ్దంలోనే జపాన్ కంపెనీల పొత్తుతో స్వరాజ్ మజ్దా, డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి వచ్చాయి. మన తెలుగు గడ్డ మీద జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ తయారైంది. ఆ తరం బండ్లలో మిగిలినవీ, తర్వాత ఇరవయ్యేళ్ళలో వచ్చిన పికప్‌లూ చేతులు మారీ మారీ చివరికి పల్లెకు చేరతాయి. ఆర్‌సీలో అంకె మాత్రం పుట్టినరోజున రాసిందే. ఇరవయ్యేళ్ళు గోతుల్లో వంగిన పట్టీకి, తుప్పు తిన్న చాసిస్‌కి, రెండుసార్లు వెల్డింగు పడిన క్రాస్‌మెంబరుకి ఆ అంకె వర్తిస్తుందా? కొత్త బండికి ఆ అంకె గరిష్ఠం అయితే పాత బండికి దాని దరిదాపులకు పోవడమే దుస్సాహసం. మనవాళ్ళ వాదన తలకిందులుగా ఉంటుంది: “పాత ఇనుము సార్, ఇప్పటి రేకు కాదు, ఎంతైనా మోస్తుంది.” ఇనుము అలసిపోతుంది. పగులు ముందు కంటికి కనబడదు, పెయింటు కింద వెంట్రుకలా మొదలవుతుంది. విరిగేది మాత్రం ఒక్క క్షణంలో.

ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఏడాదికోసారి ఫిట్‌నెస్ ఉంది కదా అంటారు. ఉంది. ఆ పరీక్షకు బండి ఎలా పోతుంది? కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ఖాళీగా పోతుంది. ఖాళీ బండి బ్రేకు పడిందని ఇచ్చిన కాగితం పట్టుకుని మూడు టన్నులేసుకుని ఘాట్ దిగుతాం.

ఘాట్ అనగానే ఈ దారి ఎరిగినవాళ్ళకు మొగిలి గుర్తొస్తుంది. కోలారు సముద్ర మట్టానికి 800 మీటర్ల పైన ఉంది, చిత్తూరు 300 మీటర్ల చిల్లర. ముళబాగిలు, నంగలి, పలమనేరు దాటి ఆ ఎత్తంతా దిగాలి. దిగేటప్పుడు పుట్టే శక్తిలో గేరులో ఇంజను పట్టి ఆపినంత పోగా, మిగతాదంతా వేడిగా మారి బ్రేకు డ్రమ్ములోకే పోవాలి. బరువు రెట్టింపైతే వేడీ రెట్టింపు. డ్రమ్ము మాత్రం అదే డ్రమ్ము, లైనింగు అదే లైనింగు. ఒక హద్దు దాటాక లైనింగు పట్టు వదిలేస్తుంది, పెడలు మామూలుగానే ఉంటుంది, బండి ఆగదు. మర్నాడు పేపర్లో “బ్రేకులు ఫెయిల్ కావడంతో” అని రాస్తారు. బ్రేకులు ఫెయిల్ కాలేదయ్యా. వాటికి రాసిన బరువు ఒకటి, మీరు నెత్తిన పెట్టింది ఇంకోటి.

బరువు పట్ల ఈ నిర్లక్ష్యం ఏ ఊరికైనా సిగ్గే, కోలారుకు మరీ సిగ్గు. ఇది కేజీఎఫ్ బంగారు గనులున్న జిల్లా. ఛాంపియన్ రీఫ్‌లో మనుషులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి పనిచేశారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా, నూరేళ్ళకు పైబడి, తరాల తరబడి తమిళ, తెలుగు, కన్నడ కుటుంబాల ప్రాణాలు ఒక ఉక్కు తాడుకు వేలాడాయి. ఆ తాడు దగ్గర “లాగుతుంది” అన్న మాట చెల్లేది కాదు. అంత లోతుకు వేలాడే తాడు ముందు తన బరువు తానే మోసుకోవాలి. తాడు పొడవయ్యే కొద్దీ దానికి వేలాడే కేజ్‌లో, అంటే మనుషులు దిగే బోనులో, ఎక్కించదగిన బరువు తగ్గిపోతుంది. అందుకే ఒకే తాడుతో అడుగుదాకా దిగలేదు. కొంత లోతుకు దిగాక, లోపలే ఇంకో షాఫ్టు, ఇంకో వైండింగ్ ఇంజను. కేజ్‌లో ఒకేసారి ఎంతమంది ఎక్కాలో అంకె వేసి పెట్టేవాళ్ళు. తాడుకు గడువు ఉండేది, ఆ గడువుకు పరీక్ష ఉండేది, అరిగిందంటే మార్చేవాళ్ళు. పికప్ బండిదీ అదే సూత్రం. తన బరువు ముందు, సరుకు తర్వాత. తాతలు గనిలో పాటించిన తీసివేతను మనవలు మండీలో మరిచిపోయారు. గనిలో తాడు తెగితే లోపలున్నవాళ్ళే పోయేవాళ్ళు. రోడ్డు మీద బండి తప్పితే ఎదురుగా స్కూటరు మీద వస్తున్న, ఈ వ్యాపారంతో ఏ సంబంధమూ లేని మనిషి పోతాడు.

2023 జులై గుర్తుందా? కోలారులో 15 కిలోల బాక్సు రెండు వేల రూపాయలు దాటింది. చిత్రదుర్గ జిల్లా హిరియూరు నుంచి కోలారు మార్కెట్టుకు టమోటా తెస్తున్న బండిని బెంగళూరులో దారి కాచి ఎత్తుకుపోయారు. రెండున్నర టన్నుల టమోటా పోయిందని దేశమంతా చెప్పుకుంది. దాని విలువ ఎన్ని లక్షలని టీవీలు లెక్కలు కట్టాయి. ఆ బండికి రెండున్నర టన్నులు మోసే అనుమతి ఉందా అని అడిగినవాళ్ళు నాకు ఒక్కరూ కనబడలేదు. ధర పెరిగితే ఎక్కువ వేస్తారు, లాభం వదులుకోలేక. ధర పడిపోతే ఇంకా ఎక్కువ వేస్తారు, బాడుగ గిట్టక. టమోటా ఏ ధర పలికినా బండి మీద బరువు తగ్గే రోజు లేదు.

కారణం దాచాల్సిన పనిలేదు. బాడుగ బాక్సుకింత అని కడతారు. ట్రిప్పుకింత అని కట్టరు. బాక్సు పెరిగితేనే డ్రైవరు చేతికి డబ్బు, అది లేకపోతే ఫైనాన్సు కంతు కట్టలేడు. అతని మెడకు ఆ ఉరి బిగించినవాళ్ళు నీడలో కూర్చుని ఉంటారు. పోలీసు ఆపితే జరిమానా డ్రైవరుది, పల్టీ కొడితే చావు డ్రైవరుది. చట్టం మాత్రం అలా చెప్పలేదు. మోటారు వాహనాల చట్టం 113వ సెక్షన్ నాలుగో భాగం తెరిచి చూడండి: నడిపేవాడు యజమాని కాకపోతే, ఆ అధిక బరువు యజమానికి తెలిసే, లేదా అతని ఆజ్ఞ మీదే వేశారని కోర్టు భావించవచ్చు. 194వ సెక్షన్ కింద 2019 నుంచి జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000. పైగా ఆ ఎక్కువ సరుకు దించేదాకా బండి కదలకూడదు. దించిన ఖర్చు కూడా బండి నడిపినవాళ్ళదో, నడిపించినవాళ్ళదో. జరిమానా కట్టించుకుని అదే బరువుతో పొమ్మనడం చట్టం కాదని సుప్రీంకోర్టు 2005లోనే పరంజిత్ భాసిన్ కేసులో తేల్చింది. అప్పట్లో కొన్ని రాష్ట్రాలు ముందే డబ్బు కట్టించుకుని ఓవర్‌లోడుకు దారి ఇచ్చేవి, దాన్ని కొట్టేసింది. ఇన్నేళ్ళయినా రోడ్డు పక్కన ఎక్కువైన బాక్సులు దించి లెక్కపెడుతున్న దృశ్యం మీరెప్పుడైనా చూశారా? రసీదో, రసీదు లేని నోటో చేతులు మారుతుంది, బండి అలాగే కదులుతుంది.

నడిపేవాళ్ళ సంగతీ చూడాలి. 7500 కిలోల లోపు బండి అంతా చట్టం దృష్టిలో లైట్ మోటారే. ఆ లైసెన్సు ఉన్నవాడు ఈ సరుకు బండ్లు కూడా నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. నేను ఆ తీర్పును తప్పుపట్టడం లేదు, దాని మీద వేలమంది బతుకుతెరువు ఆధారపడి ఉంది. కానీ మారుతీ కారు మీద నేర్చుకున్న పిల్లవాడు మర్నాడే పికప్ ఎక్కుతున్నాడు. ఇరుసు బరువంటే ఏమిటో, టైరు మీద అంకె ఏమిటో అతనికి ఎవరు చెప్పారు? లైసెన్సు పరీక్షలో అడిగారా?

ఇక తెల్లవారుజామున కోతకు పోయే కూలీలు. ఖాళీ బాక్సుల మీద పదిహేను, ఇరవై మంది ఆడవాళ్ళు, జాలీ పట్టుకుని. ఒక్కొక్కరు 50 కిలోలనుకున్నా టన్ను దాకా, అదీ ఎత్తున. మలుపులో ఆ టన్ను ఒక పక్కకు ఒరిగితే బండి ఒరుగుతుంది. సరుకు బండిలో ఊరికే ఎక్కినవాళ్ళకు ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో చెప్పింది. సరుకు యజమాని, అతని తరఫు మనిషి అయితే వేరు. అంటే ఆ తల్లులకు ఏదన్నా అయితే పరిహారం కోసం యజమాని గడప పట్టుకుని ఏళ్ళ తరబడి తిరగాలి. వాళ్ళను ఎక్కించుకున్న తోట యజమానికి ఇది తెలియదనుకోవాలా?

పేరు పక్కన టన్నులు చెప్పడం మన దగ్గరే కాదు. అమెరికాలో కూడా పికప్‌లను “హాఫ్ టన్”, “వన్ టన్” అని పాత పేర్లతోనే పిలుస్తారు, ఇప్పటి బండ్లు మోసే బరువుకీ ఆ పేర్లకీ సంబంధం పోయి చాలా కాలమైంది. కానీ అక్కడ డ్రైవరు డోరు తెరవగానే కనబడే స్టిక్కరు మీద, మనుషులూ సరుకూ కలిపి ఎంత మించకూడదో ఒకే అంకెగా రాస్తారు. టెక్సాస్‌లో మనవాళ్ళు ట్రెయిలరు తగిలించుకునే ముందు ఆ స్టిక్కరు చదువుతారు. అదే మనిషి ఊరికి వచ్చి సొంత పొలం టమోటా ఎక్కించేటప్పుడు మాత్రం గుమాస్తా మాటే వేదం.

రైతు మీద భారం పడుతుందని నా మీద విరుచుకుపడేవాళ్ళున్నారు. కిలో రెండు రూపాయలకు పడిపోయి రోడ్డు మీద పారబోసుకున్న రోజులు నేనూ చూశాను. బాడుగ రెండు ట్రిప్పులైతే గిట్టదన్న మాటలో నిజం ఉంది. కానీ ఓవర్‌లోడుతో మిగిలిన డబ్బు రైతు ఇంటికి వెళ్ళిందా? పై వరసల బరువుకు కింది బాక్సుల్లో పండు చితికిపోతే కోత పడేది రైతుకే. అడవిలో ఇరుసు విరిగితే కుళ్ళేది రైతు సరుకే. ఊరి రోడ్డు పాడైతే మరుసటి ఏడాది గోతుల్లో తిరిగేది రైతే. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయిస్‌లో పరీక్ష పెట్టి చూశారు: ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే దెబ్బ పదహారు రెట్ల దాకా పోతుంది. పంచాయతీ తారు రోడ్డు ఏ లారీ కోసమూ వేసింది కాదు. దాన్ని చీల్చేసి, రోడ్డు వేయలేదని మళ్ళీ ఎమ్మెల్యేను తిడతాం.

నేను అడిగేది పెద్ద పెద్ద పథకాలేమీ కాదు. మార్కెట్ కమిటీ తన గేటు దగ్గరే వే బ్రిడ్జి నడపాలి, బయటికి పోయే ప్రతి పికప్‌నీ ఎక్కించాలి. ప్రతి బండి డోరు మీదా దాని పరిమితి కిలోల్లో కాదు, బాక్సుల్లో రాయించాలి, తెలుగులో, కన్నడలో, అరచేతంత అక్షరాలతో: “ఈ బండికి 81 బాక్సులు.” కూలి మేస్త్రీకి కూడా అర్థమవుతుంది, అర్థం కాలేదని తప్పించుకోవడానికి గుమాస్తాకీ వీలుండదు. బాడుగ బాక్సుకు కాకుండా ట్రిప్పుకు కట్టాలి. ఎక్కువ లోడుతో పట్టుబడితే 113(4) కింద యజమాని పేరే ముందు రాయాలి, మండీ లైసెన్సు నంబరు దాని పక్కన. ఫిట్‌నెస్‌కు వచ్చిన పాత బండికి ఆర్‌సీ అంకెకు సరిపడా ఇసుక బస్తాలేసి బ్రేకు చూడాలి. లోపల తూకం స్లిప్పు మండీ బిల్లుకు పిన్ను కొట్టి ఉండాలి. ఆ స్లిప్పు లేని బండికి గేటు తియ్యకూడదు, అది ఎవరి బండైనా సరే.